దసరా నుంచి సంక్రాంతి దాకా: ఇంటి అలంకరణకు చేత్తో కుట్టిన క్రాస్ స్టిచ్

లచ్చిదారం (విశాఖపట్నం)
ఆగస్టు 4, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఈ ఏడాది పండగలకి బజారులో కొనే ప్లాస్టిక్ పూల దండలు, మెరుపు కాగితాలు మానేసి నేను కుట్టినవే ఇంట్లో పెట్టాలని ఉంది. క్రాస్ స్టిచ్ (గళ్ళు లెక్కపెట్టి X ఆకారంలో వేసే కుట్టు) వచ్చు. 14 కౌంట్ ఐదా గుడ్డ (కుట్టు కోసం సమానమైన గళ్ళతో నేసినది) ఒక మీటరు, యాంకర్ కంపెనీ దారాలు కొన్ని రంగులు ఉన్నాయి. అనుకుంటున్నవి ఇవీ: గుమ్మానికి తోరణం, బొమ్మల కొలువు మెట్లకి అంచు, హాల్లో గోడకి ఒక పటం, పక్కింటి వాళ్ళకి క్రిస్మస్‌కి ఇవ్వడానికి చిన్నదేదైనా.

చిక్కు రెండు చోట్ల. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి ఒక గంట కుదిరితే గొప్ప. నెట్‌లో వెతికితే స్నోమాన్, రెయిన్‌డీర్, గుమ్మడికాయ చార్టులే (ఏ గడిలో ఏ రంగో చూపే గళ్ళ బొమ్మలు) వస్తున్నాయి. మన పండగల చార్టులు ఎక్కడ దొరుకుతాయి? వీటిలో ఏది ముందు మొదలుపెట్టాలి?

హరి_నెల్లూరు
ఆగస్టు 4, రాత్రి 10:51

ముందు లెక్క చూసుకోండి, సూది తర్వాత. 14 కౌంట్ అంటే అంగుళానికి 14 గళ్ళు. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న బొమ్మ అంటే 84 గళ్ళు × 56 గళ్ళు, మొత్తం 4,704 కుట్లు. గంటకి వంద కుట్లు పడతాయనుకుంటే 47 గంటలు. మీకు రోజుకో గంట కాబట్టి ఒక్క పోస్టుకార్డు సైజు పటానికే నెలన్నర పోతుంది. అదీ గుడ్డ మొత్తం నిండా కుడితే.

పండగ అలంకరణకి నిండు బొమ్మ పెట్టుకోవద్దు. గుడ్డ రంగే నేపథ్యంగా వదిలేసి గీత, పువ్వు, అంచు మాత్రం కుట్టే డిజైన్లు చూడండి. అదే సైజు పటం వెయ్యి కుట్లలో తేలిపోతుంది.

తోరణం గురించి కూడా చెప్తా. సింహద్వారం 42 అంగుళాలు ఉందనుకుందాం. 5 అంగుళాల ఆకులు ఏడు, మధ్యలో అంగుళం చొప్పున ఆరు ఖాళీలు. 35, 6 కలిపితే 41, సరిపోయింది. ఒక్కో ఆకులో కుట్టు పడే జాగా 4 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు ఉంటుంది. ఆకు కొసకి సన్నబడినా నిండా కుడితే మూడు వేల కుట్లకి తక్కువ కాదు. ఏడు ఆకులకి ఇరవై వేలు దాటుతుంది. దసరాకి ఎటూ అయ్యే పని కాదు, సంక్రాంతికి కూడా అనుమానమే. ఆకుపచ్చ గుడ్డ తీసుకుని ఈనె ఒక్కటే లేత రంగుతో కుట్టండి. దూరం నుంచి ఆకులాగే కనిపిస్తుంది.

కృష్ణవేణి_పిన్ని (విజయవాడ)
ఆగస్టు 5, ఉదయం 6:20

అమ్మాయ్, కుట్టడం బాగుంది గానీ పండగ పూట గుమ్మానికి మామిడాకులే కట్టాలి. గుడ్డ తోరణం దానికి బదులు కాదు. నువ్వు కుట్టింది హాల్లోంచి లోపలికి వెళ్ళే గుమ్మానికో, పూజ గది పైనో కట్టుకో. వీధి గుమ్మానికి పచ్చి ఆకు, పసుపు, కుంకుమ.

మా రోజుల్లో మ్యాటీ క్లాత్ (మీ ఐదా లాంటి గళ్ళ గుడ్డే) కుట్టని పెళ్ళికూతురు లేదు. రేడియోకి కవరు, టీవీకి కవరు, దిండు గలీబుల మీద రెండు చిలకలు, గోడకి "వెల్‌కమ్" పటం. పండగకి మాత్రం ఎవరూ విడిగా కుట్టుకునే వాళ్ళు కాదు. ఉన్నవే ఉతికి, గంజి పెట్టి, మళ్ళీ పరిచేవాళ్ళం. మీకు ఆ ఆలోచన వచ్చిందంటే సంతోషమే.

మ్యాటీ కొనేటప్పుడు జాగ్రత్త. చౌక రకంలో అడ్డం పోగులు, నిలువు పోగులు సమానంగా ఉండవు. స్కేలు పెట్టి అంగుళానికి ఎన్నొచ్చాయో రెండు వైపులా లెక్కపెట్టి కొను. లేకపోతే గుండ్రటి ముగ్గు కుడితే కోడిగుడ్డు తయారవుతుంది.

చుక్కలముగ్గు_తేజ (హైదరాబాద్)
ఆగస్టు 5, మధ్యాహ్నం 1:35

చార్టులు ఎక్కడా వెతకక్కర్లేదండీ, మీ అమ్మగారి ముగ్గుల పుస్తకం తీయండి. చుక్కల ముగ్గు అంటే గళ్ళ మీద లెక్కే కదా.

కాకపోతే ఏ ముగ్గు పడితే అది కుదరదు. ఎదురు చుక్కల ముగ్గులు నేరుగా ఐదా మీద కూర్చుంటాయి. చుక్కకీ చుక్కకీ మధ్య 6 గళ్ళు పెట్టుకుంటే చాలు. సందు చుక్కలకి కొంచెం తెలివి కావాలి. వరసల మధ్య కూడా 6 గళ్ళే వదిలితే ముగ్గు నిలువునా సాగిపోతుంది. అక్కడ 5 గళ్ళు వదలాలి. 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేదాకా పెట్టే ముగ్గు ఇలా చేస్తే చుక్కల మధ్య కొలత 36 గళ్ళు × 30 గళ్ళు వస్తుంది, అంటే వెడల్పు దాదాపు రెండున్నర అంగుళాలు. టీ గ్లాసు కింద పెట్టే ముక్కకి, క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే బొమ్మకి సరిగ్గా సరిపోతుంది.

మెలికల ముగ్గు మాత్రం X కుట్టుతో వద్దు. వంపులన్నీ మెట్లు మెట్లుగా వచ్చి మెలిక అందం పోతుంది. దానికి బ్యాక్ స్టిచ్ (వెనక్కి వేస్తూ తెగని గీతలా వచ్చే కుట్టు) వాడండి, చుక్కల దగ్గర మాత్రం ఒక్కో X వేయండి.

రంగుల సంగతి. తెల్ల గుడ్డ మీద రంగుల ముగ్గు కన్నా, ఎర్రమట్టి రంగు గుడ్డ మీద తెల్ల దారం ఒక్కటే వాడితే అలికిన వాకిలి గుర్తొస్తుంది. ఇంకోటి, ఫోటోని చార్టుగా మార్చే యాప్‌ల జోలికి వెళ్ళకండి. గంగిరెద్దు ఫోటో ఒకటి ఇస్తే 60 రంగులు అడుగుతుంది, అందులో సగం అక్కడొక కుట్టు ఇక్కడొక కుట్టు. ఎనిమిది రంగులు దాటితే పండగ లోపు అవ్వదని రాసిపెట్టుకోండి.

తంగేడు_వనజ (వరంగల్)
ఆగస్టు 5, సాయంత్రం 7:08

దసరా నుంచి మొదలుపెట్టి సంక్రాంతి దాకా వెళ్ళిపోయారు, బతుకమ్మ మాట ఎవ్వరూ ఎత్తలేదేంది? 😊

క్రాస్ స్టిచ్‌కి బతుకమ్మ అంత తేలికైన బొమ్మ ఇంకోటి లేదు. పక్క నుంచి చూస్తే వరసల మీద వరసలే కదా. కింద తాంబాళం, దాని మీద తంగేడు పసుపు రెండు వరసలు, గునుగు తెలుపు, మళ్ళీ రంగు అద్దిన గునుగు గులాబీ, బంతి నారింజ, పైన గౌరమ్మ దగ్గర గుమ్మడి పువ్వు. ఒక్కో వరసకి వెడల్పు నాలుగు గళ్ళు తగ్గించుకుంటూ పోతే గోపురం ఆకారం దానంతటదే వస్తుంది. చార్టు కూడా అక్కర్లేదు. మా దిక్కు పిల్లలకి కుట్టు నేర్పేటప్పుడు నేను దీంతోనే మొదలుపెడతాను. ఎక్కడైనా ఒక కుట్టు అటూ ఇటూ అయినా అది పువ్వే కాబట్టి తప్పు కనిపించదు.

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. చిన్న చిన్నవి తొమ్మిది కుట్టి తాడుకి గుచ్చితే రోజుకొకటి తగిలించుకోవచ్చు. మీకు టైం లేదంటున్నారు కాబట్టి ఈ ఏడాది ఒక్కటి చాలు.

డాలస్_సుధ
ఆగస్టు 6, ఉదయం 8:44

పిన్నిగారు చెప్పింది ఇండియాలో సరే. ఇక్కడ మామిడాకులు ఇండియన్ స్టోర్‌లో దొరికితే దొరికినట్టు, అదీ ఉగాదికి నాలుగు రెమ్మలు. నాకు గుడ్డ తోరణమే దిక్కు. గోడకి మేకు కొట్టే వీల్లేదు కాబట్టి అంటించి తీసేసే కొక్కేలకి కడతాను. బరువెక్కితే అవి ఊడిపోతాయి. గజ్జెలు, అద్దాలు ఎక్కువ పెట్టకండి, ఆకుకి ఒక్క మువ్వ చాలు.

ఇక్కడ పిల్లల కోసం క్రిస్మస్ చెట్టు మేమూ పెడతాం. దానికి వేలాడదీసేవి ప్లాస్టిక్ కాన్వాస్ (గళ్ళ కన్నాలున్న ప్లాస్టిక్ రేకు) మీద కుడతాను. కత్తిరించినా పోగులు ఊడవు, గుడ్డలా వంగిపోదు. గాలిపటం, చెరుకు గడలు, గొబ్బెమ్మ, భోగి కుండ, హరిదాసు తలమీద అక్షయపాత్ర, అన్నీ రెండు మూడంగుళాలవే. చెట్టు సంక్రాంతి దాకా తీయం. డిసెంబరులో చూసిన వాళ్ళకి అది క్రిస్మస్ చెట్టు, జనవరిలో చూసిన వాళ్ళు అదేంటో అడిగి తెలుసుకుంటారు.

గుంటూరు_గ్రేస్
ఆగస్టు 6, రాత్రి 9:15

లచ్చిదారం గారూ, పక్కింటి వాళ్ళకి ఇవ్వాలన్న మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. బైబిల్‌లో పెట్టుకునే బుక్‌మార్క్ కుట్టివ్వండి. 2 అంగుళాలు × 7 అంగుళాలు, వెనక పలచటి ఫెల్ట్ గుడ్డ. ఏడాది పొడుగునా వాడతారు, గోడ మీద జాగా ఉందా లేదా అన్న టెన్షన్ లేదు.

నక్షత్రం కుట్టేటట్టయితే ఇంటి మీద వేలాడదీసే ఐదు కొనల స్టార్‌ని ప్రయత్నించకండి. గళ్ళ గుడ్డ మీద ఐదు కొనలు ఎప్పుడూ వంకరగానే వస్తాయి. ఎనిమిది కొనలది ఎంచుకోండి, ఒక ముక్క గీసుకుంటే మిగతాదంతా దాని అద్దం బొమ్మే. తెల్ల గుడ్డ, ఎర్ర దారం, ఇంకే రంగూ వద్దు.

మా ఇళ్ళల్లో హాల్లో వాక్యం పటం ఉండటం మామూలు. "యెహోవా నా కాపరి" అని 23వ కీర్తన మొదటి మాటలు తెలుగులో కుట్టడానికి నేను చాలా తంటాలు పడుతుంటాను, ఇంగ్లీషు అక్షరాలంత సులువుగా రావు. ఇక్కడెవరైనా తెలుగు అక్షరాల చార్టు చేసుకున్నారా?

చుక్కలముగ్గు_తేజ
ఆగస్టు 6, రాత్రి 11:02

గ్రేస్ గారూ, నా పద్ధతి చెప్తాను. కంప్యూటర్‌లో అన్ని గీతలూ ఒకే మందం ఉండే తెలుగు ఫాంటు ఒకటి ఎంచుకుని, పెద్దగా ప్రింటు తీసి, దాని మీద గ్రాఫ్ కాగితం పెట్టి కిటికీ అద్దం మీద ఆనించి గీస్తాను. అక్షరం ఒళ్ళు 14 గళ్ళ ఎత్తు కన్నా తగ్గితే "మ"కీ "వ"కీ తేడా తెలీదు. పైన గుడి, తలకట్టు, ఏత్వానికి ఇంకో 5, కింద ఒత్తులకి 7 గళ్ళు వదలాలి. అంటే ఒక్క వరస రాతకి 26 గళ్ళు, దాదాపు రెండంగుళాలు.

అందుకే మాట ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. "యెహోవా నా కాపరి"లో ఒత్తే లేదు, హాయి. "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని పెట్టుకున్నారంటే ఒత్తులు కుట్టేసరికి కళ్ళు పోతాయి. సున్నాల వంపు నున్నగా రావాలంటే మూలల్లో పూర్తి X బదులు ముప్పావు కుట్టు (X లో ఒక గీత సగమే వేసేది) వేసి, చివర్లో చుట్టూ అదే రంగుతో ఒక పోగు బ్యాక్ స్టిచ్ తిప్పండి.

మెంతికుట్టు (బళ్ళారి)
ఆగస్టు 7, ఉదయం 11:30

మన పండగల చార్టులు దొరకవంటున్నారు. పక్కనే ఉన్న కసూతి చూడండి. ఉత్తర కర్ణాటకలో ఇలకల్ చీరల మీద కుట్టేది. ముందు గుడ్డ మీద ఏమీ గీసుకోరు, పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. గావంతి, ముర్గి, నేగి, మెంతి అని నాలుగు రకాలు. మెంతి అంటే మన క్రాస్ స్టిచ్చే. గోపురం, రథం, పల్లకి, ఏనుగు, తులసి కోట, తామర అన్నీ అందులో పాతకాలం నుంచీ ఉన్నాయి. వీటిని మించి దసరాకి ఏం కావాలి?

తోరణం గాలికి తిరుగుతుంది కాబట్టి వెనక కూడా కనబడుతుంది. గావంతి అయితే ముందు వెనకా ఒకేలా ఉంటుంది. ముడి వేయరు. ఒక గడి వదిలి ఒక గడి కుట్టుకుంటూ వెళ్ళి, తిరుగు దారిలో వదిలినవి పూడ్చుకుంటూ వస్తారు. హరి గారు చెప్పిన ఆకు ఈనెకి ఇదే సరైన కుట్టు. లైనింగు కూడా అక్కర్లేదు.

హరి_నెల్లూరు
ఆగస్టు 7, మధ్యాహ్నం 12:10

మెంతికుట్టు గారూ, గావంతి సంగతి బాగా చెప్పారు. అంచుకి మడత మాత్రం తప్పదు, లేకపోతే ఐదా పోగులు ఊడతాయి.

నేనొకటి అడుగుతా. దీపావళికి సోఫా దిండ్ల మీద లక్ష్మీదేవి బొమ్మ కుడదామనుకుంటున్నా. ఎలా ఉంటుంది?

కృష్ణవేణి_పిన్ని
ఆగస్టు 7, మధ్యాహ్నం 12:26

ఏం నాయనా, అమ్మవారి మీద ఆనుకుని కూర్చుంటావా? ప్రమిద కుట్టు, తామర కుట్టు. దేవుడి బొమ్మ గోడకే.

హరి_నెల్లూరు
ఆగస్టు 7, మధ్యాహ్నం 12:31

సరే పిన్నీ, ప్రమిదే.

డాలస్_సుధ
ఆగస్టు 7, సాయంత్రం 6:02

ఆ ప్రమిద, తామర కూడా కాళ్ళు తుడుచుకునే పట్టా మీద వద్దండీ. ఇక్కడ షాపుల్లో అలాంటివి చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పటాల_షాపు_శీను (రాజమండ్రి)
ఆగస్టు 8, రాత్రి 10:40

పటాలు కట్టే పని మాది. ఆడవాళ్ళు నెలల తరబడి కుట్టి తెచ్చినవి మా చేతుల్లోకి వస్తాయి, అందుకని కొన్ని చెప్పాలి.

మా లైనులో చాలామంది గుడ్డకి ఫెవికాల్ రాసి అట్టకి అంటించేస్తారు. రెండేళ్ళకి పసుపు మచ్చలు పైకి తేలతాయి, మళ్ళీ ఊడదీయడం కుదరదు. మీరు ఏ షాపుకి వెళ్ళినా ముందే చెప్పండి: జిగురు వద్దు, మేకులు వద్దు. గుడ్డని గట్టి అట్ట మీద పరిచి, వెనక వైపు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గట్టి దారంతో బూటు లేసు బిగించినట్టు లాగి కట్టాలి. అది మీరే ఇంట్లో చేసుకుని తెస్తే మాకు ఫ్రేము వేయడమే మిగులుతుంది. దీనికోసం కుట్టు చుట్టూ మూడంగుళాల గుడ్డ వదలాలి. అంగుళం వదిలి తెస్తారు, మేం ఏం పట్టుకుని లాగాలి?

అద్దం కుట్టుకి తగలకూడదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో అద్దానికి లోపల తేమ పడితే గుడ్డ బూజు పడుతుంది. మధ్యలో మౌంటు అట్ట (బొమ్మ చుట్టూ అంచులా వచ్చేది) పెట్టించండి. నన్నడిగితే, ఏడాదిలో పది రోజులు పెట్టి తీసేసే పండగ పటానికి అద్దమే వద్దు. చెక్క రింగులో బిగించి, అదే రింగుతో గోడకి తగిలించండి. మార్చడం సులువు, మాకు బేరం పోతే పోయింది.

లచ్చిదారం
ఆగస్టు 9, మధ్యాహ్నం 3:18

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. అందరికీ చాలా థాంక్స్. తోరణం సంక్రాంతికి జరిపాను. అదీ ఏడు ఆకులు కాదు, పూజ గది గుమ్మానికి ఐదు, గావంతిలో ఈనెలు. దసరాకి వనజ గారి బతుకమ్మ ఒకటి, చెక్క రింగులో. క్రిస్మస్‌కి ఎనిమిది కొనల నక్షత్రంతో బుక్‌మార్క్. హాల్లో పెద్ద పటం ఈ ఏడాదికి వదిలేశాను.

రెండు అనుమానాలు. ఎర్ర దారం రంగు దిగుతుందని భయంగా ఉంది, ముందే తెలుసుకునేదెలా? పండగ అయ్యాక వీటిని ఎలా దాచాలి?

గుంటూరు_గ్రేస్
ఆగస్టు 9, సాయంత్రం 5:50

తెల్ల దూదిని తడిపి దారం లచ్చి మీద గట్టిగా రుద్దండి. దూదికి రంగు అంటితే ఆ లచ్చిని చల్లటి నీళ్ళలో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. ఆరాకే కుట్టండి. ఉప్పు నీళ్ళలో, వెనిగర్‌లో ముంచితే రంగు నిలుస్తుందని చెప్తారు, దాన్ని నమ్ముకోవద్దు. కుట్టాక ఉతుకుతుంటే రంగు దిగినా కంగారు పడకండి, ఆరనివ్వకండి. ఆరిందంటే మచ్చ కూర్చుంటుంది. చల్లటి నీళ్ళలోనే ఉంచి మారుస్తూ పోతే చాలావరకు పోతుంది.

పిండకూడదు. మందపాటి తువ్వాలులో పెట్టి చుట్టి నొక్కండి. తడి కొంచెం ఉండగానే కుట్టు కిందికి వచ్చేలా తువ్వాలు మీద బోర్లా వేసి, వెనక నుంచి ఇస్త్రీ చేయండి. పైనుంచి చేస్తే X లన్నీ చదునైపోతాయి.

కృష్ణవేణి_పిన్ని
ఆగస్టు 9, రాత్రి 7:33

దాచేటప్పుడు మడత పెట్టొద్దు. మడత దగ్గర మురికి పట్టి గీత పడిపోతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్ట చుట్టి పెట్టు. ప్లాస్టిక్ సంచీలో పెట్టావంటే మీ ఊరి చెమ్మకి బూజే. ఎండిన వేపాకు పొట్లం పక్కన పెట్టు. కలరా ఉండలు పెట్టేటట్టయితే గుడ్డకి తగలకుండా వేరే కాగితంలో కట్టి పెట్టు. గంజి పెట్టిన గుడ్డ మాత్రం దాచకు, పురుగు గంజి కోసమే వస్తుంది. మళ్ళీ ఏడాది వాడే ముందు పెట్టుకో గంజి.

తంగేడు_వనజ
ఆగస్టు 10, ఉదయం 9:05

లచ్చిదారం గారూ, పసుపు దారం రెండు షేడ్లు తీసుకోండి. ఒక్క రంగుతో కుడితే తంగేడు పువ్వులు గోడకి సున్నం కొట్టినట్టు చదునుగా ఉంటాయి. సూదిలో ముదురుది ఒక పోగు, లేతది ఒక పోగు కలిపి ఎక్కించండి. 14 కౌంట్‌కి రెండు పోగులే కదా వాడేది.

లచ్చిదారం
ఆగస్టు 10, రాత్రి 9:48

అలాగే చేస్తానండీ. కొలువు మెట్ల అంచు సంగతి మిగిలిపోయింది. ఐదు మెట్లు, ఒక్కోటి నాలుగడుగులు. మొత్తం కుట్టాలంటే నా వల్ల కాదు. ఎవరైనా సులువు చెప్పండి.

మెంతికుట్టు
ఆగస్టు 11, ఉదయం 10:20

మెట్టుకి మధ్యలో ఒక్క బొమ్మ కుట్టండి, కిందదానికి ఏనుగు, పైదానికి గోపురం, మధ్యవాటికి తామర, పల్లకి, రథం. మామూలు తెల్ల నూలు గుడ్డ మీదే కుట్టొచ్చు. మ్యాటీ ముక్కని దాని మీద టాకా వేసి (తాత్కాలికంగా వదులుగా కుట్టి), రెండు గుడ్డలూ కలిపి కుట్టి, తర్వాత మ్యాటీ పోగులు ఒక్కొక్కటిగా లాగేస్తే కుట్టు కింది గుడ్డ మీద మిగులుతుంది. లాగే ముందు కొంచెం తడపండి, పోగులు జారతాయి. కుట్టేటప్పుడు సూది మ్యాటీ పోగుల్లోంచి కాకుండా కన్నాల్లోంచే దిగాలి, పోగుని గుచ్చితే తర్వాత అది రాదు.

పటాల_షాపు_శీను
ఆగస్టు 11, రాత్రి 9:30

అంచుకి కుట్టెందుకు మేడమ్, మా గోదారి జిల్లాల్లో నర్సాపురం లేసు ఉంది కదా. క్రోషె సూదితో చేత్తో అల్లేది, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. మీటర్ల లెక్కన అంచు కొని మెట్ల గుడ్డకి వేయించండి. మధ్యలో మీ కుట్టు, కింద ఆ లేసు. అన్నీ మీ చేత్తోనే అవ్వాలని పట్టుపడితే చెప్పలేను.

లచ్చిదారం
ఆగస్టు 11, రాత్రి 10:05

పట్టు ఏమీ లేదు శీను గారూ, అదీ ఎవరో ఒకరు చేత్తో అల్లిందేగా. ఇరవై అడుగులు అంటే ఆరు మీటర్ల పైచిలుకు, కుచ్చులకి కూడా కలిపి ఏడు తీసుకుంటాను. తెలుపా, గోధుమ రంగా?

కృష్ణవేణి_పిన్ని
ఆగస్టు 12, ఉదయం 6:15

గోధుమ రంగే తీసుకో. కొలువు దగ్గర దీపం మసి, పసుపు, కుంకుమ పడతాయి. తెల్లది మూడో రోజుకే ఉతుక్కోవాలి.